అవ్వ పేరు పట్టని గిన్నె

అవ్వ ఇల్లు జాబితాలో లేదన్న కబురు నాకు మొదట తెచ్చింది ఫొటో స్టూడియో అన్న. గోదావరిఖని బస్టాండు వెనక సందులో ఆయన దుకాణం. మాకు చుట్టమేమీ కాదు. మా నాన్న పాసు ఫొటోల కోసం వెళ్లినప్పటి పరిచయం. నాన్న పోయాక నన్ను గుర్తుపెట్టుకొని, గడప దాకా పని తెచ్చి ఇచ్చిన మనిషి ఆయనొక్కడే. వారానికోసారి గల్లీలో ఆయన స్కూటర్ చప్పుడు వినపడితే, ఆ రోజు నేను ఎవరితోనో ఒకరితో నాలుగు మాటలు మాట్లాడతానని లెక్క. ఆ రోజు ఆయన స్కూటర్ దిగలేదు. ఇంజను ఆపకుండానే వాకిట్లోంచి పిలిచాడు.

"చెల్లె, ఓ ముసలవ్వ ఇల్లు లిస్టుల రాలేదట. ఊరోళ్లు ఒకటే మొత్తుకుంటున్నరు."

"గదెట్ల పోతదన్నా? నువ్వు ఫొటో తీసినవా?"

"తియ్యకుంటె ఎట్ల? గడప మీద కూసోని నోట్లె పళ్లు లేకున్నా కెమెరాకు నవ్విన అవ్వ. నాకు మంచిగ యాదికున్నది. ఆఫీసుల సారేమో, కంప్యూటర్ల లేదంటె ఇల్లే లేనట్టు అంటున్నడు."

అప్పుడు ఇంజను ఆపాడు. నేను మంచినీళ్లు ఇచ్చాను. ఆ జాబితా తయారు చేసింది నేను.

సంగతి ఇదీ. రామగిరి వైపు, నేలను పై నుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గని పెరుగుతూ ఒక ఊరి మీదికి వచ్చింది. ఊరు ఖాళీ చేసేవాళ్లకు వేరే చోట కాలనీ కట్టి, ఇంటికొక ప్లాటు ఇస్తామన్నారు. ఎవరికి ఇల్లుందో తేల్చడానికి ప్రతి ఇంటి ముందూ ఇంటివాళ్లను కూర్చోబెట్టి ఫొటో తీయాలి. ఆ సర్వే పట్టుకున్న కాంట్రాక్టరు ఫొటోల పని మా అన్నకు ఇచ్చాడు. ఆ ఫొటోల ఫైళ్లకు పెట్టిన పేర్లన్నీ చదివి, ఇంటివాళ్ల పేర్లూ ఇంటి నంబర్లూ వరుసగా పేర్చే పని అన్న నాకు ఇప్పించాడు. జాబితాలో ఉన్న ఇంటికి ప్లాటు ఉంది. లేని ఇంటికి లేదు. అవ్వకు పిల్లల్లేరు, పెనిమిటి పోయి చాలా ఏళ్లయింది. ఆ రెండర్రల పెంకుటిల్లు తప్ప ఈ భూమ్మీద ఆమెకు నిలబడే జాగా లేదు. అభ్యంతరాలు వినే గ్రామసభకు ఇంకా ఆరు రోజులుంది.

నేను బడికి వెళ్లిన మనిషిని కాను. చిన్నప్పటి నుంచీ ఆయాసం. ఈ బొగ్గు దుమ్ములో రెండు వారాలు బడికి పోతే మూడు వారాలు దవాఖానలో పడుకునేదాన్ని. చివరికి నాన్నే పలకా బలపం పట్టుకున్నాడు. మా తాతలది మంథని. నాన్న గని ఆఫీసులో గుమస్తాగా చేరి ఇటు వచ్చాడు. పొద్దున పూజ కాగానే పాఠం, డ్యూటీ నుంచి వచ్చాక అప్పజెప్పడం. రిటైరయ్యాక ఎవరో అమ్మేస్తున్న పాత కంప్యూటర్ కొన్నాడు. హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠీ ఫుట్‌పాత్ మీద ప్రోగ్రామింగ్ పుస్తకాలు ఏరుకొచ్చాడు. ఆయనకూ ఆ విద్య రాదు. నాకంటే ఒక పేజీ ముందు తను చదివి, తెల్లారి నాకు చెప్పేవాడు. అట్లా చెప్పుకుంటూ ఫైళ్ల అధ్యాయం దాకా వచ్చాం. ఫోల్డర్ల అధ్యాయం మొదలుపెట్టకముందే ఆయన గుండె ఆగిపోయింది. ఆ అధ్యాయం నేను ఒక్కదాన్నే చదువుకున్నాను.

అప్పటికి కంపెనీ క్వార్టరు అప్పగించేసి ఒకే గది ఉన్న ఇంట్లోకి మారాను. పొద్దున తులసికోటకు నీళ్లు, దేవుడి ముందు దీపం, తర్వాత కంప్యూటర్. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ వేళకు దాన్ని ఆపేసేదాన్ని. గిన్నెల గూడు ఒకసారి గలగలమని ఊరుకునేది. తర్వాత మళ్లీ మొదలుపెట్టేదాన్ని. దేవుడు నాకు తిండికీ నీడకూ లోటు చేయలేదు. మాట్లాడే మనిషి లేకపోవడం ఒక్కటే లోటు. ప్రోగ్రాము అడిగిన దానికి జవాబు చెబుతుంది కాబట్టి దానికే అలవాటు పడ్డాను.

ఫొటోలు దాచిన ఫోల్డరులో ఏమేమున్నాయో తెలియాలంటే ప్రోగ్రాము సిస్టాన్ని ఒక్కో పేరే అడగాలి. అడిగేటప్పుడు చేతిలో ఒక గిన్నె పట్టుకోవాలి, సిస్టం ఆ పేరును అందులో పోస్తుంది. ఆ గిన్నెనే బఫరు అంటారు. గిన్నె ఎంతదో సిస్టం చూడదు. పోయడం వరకే దాని పని. పేరు పెద్దదై గిన్నె చిన్నదైతే, ఒలికింది పక్కన ఏముంటే దాని మీద పడుతుంది. చప్పుడు కాదు, మంట రాదు, ప్రోగ్రాము నడుస్తూనే ఉంటుంది. సిస్టమే తన గిన్నెలో పోసి చూపించే పాత పద్ధతి కూడా ఒకటుంది. కానీ మన గిన్నె మనం పట్టుకోవడమే భద్రమని నా దగ్గరున్న పుస్తకంలో రాసి ఉంది. పుస్తకంలో ఉంటే నాకు నాన్న చెప్పినట్టే. అట్లాగే చేశాను.

గిన్నె ఎంతది చేయాలో కూడా సిస్టాన్నే అడగవచ్చు. ఈ ఫోల్డరులో పేరు ఎంత పొడుగు ఉండగలదు అంటే అది చెబుతుంది. నేను అడిగాను. అన్న ఇచ్చిన మొదటి డిస్కు పెట్టి, ప్రోగ్రాము మొదలు కాగానే ఒక్కసారి అడిగి, వచ్చిన కొలతకు గిన్నె చేసుకున్నాను. తర్వాత "డిస్కు మార్చి ఎంటర్ నొక్కండి" అని తెర మీద వచ్చేటట్టు రాశాను. ఎన్ని డిస్కులు మార్చినా ప్రోగ్రాము మూయనక్కర్లేదు. అది రాసిన రోజు నాకు ఎంత బాగనిపించిందో! మెచ్చుకోవడానికి ఎవరూ లేక దేవుడి పటం ముందు నిలబడి చెప్పుకున్నాను.

అన్నకు ఒక మాట మాత్రం నేనే గట్టిగా చెప్పాను. ఆ ఊళ్లో అందరూ మొక్కుకునేది ఒకే దేవుడికి. బిడ్డ పుడితే ఆయన పేరే పెడతారు. ఒక వాడలో కేకేస్తే పదిమంది అవ్వలు పలుకుతారు. అందుకని, "పేరొక్కటే కొట్టకన్నా, ఎవరి భార్య, ఏ ఇంటి కోడలు, ఏ వాడ, అంతా కొట్టు. ఒకరి ఇల్లు ఇంకొకరికి పోవద్దు" అన్నాను. ఫైలుకు పేరు తెలుగులోనే పెట్టమన్నాను. ఇంగ్లీషులో రాస్తే ఇద్దరు అవ్వలు ఒక్కటైపోతారని నా భయం.

ఆ కబురు విన్న సాయంత్రం అవ్వ ఫొటో ఎక్కడుందని అడిగితే అన్న తల గోక్కున్నాడు.

"గది డిస్కుల లేదు చెల్లె, పెన్‌డ్రైవ్‌ల తెచ్చిచ్చిన. నీకు యాదికి లేదా? అవ్వ పేరు గంత పొడుగుంటే డిస్కు తీసుకోలే."

"గంత పొడుగు ఎందుకు కొట్టినవన్నా?"

"నువ్వే అంతా కొట్టుమంటివి! అవ్వ ఊకుంటదా? నా పేరు రాసినవా, మా మామ పేరు రాసినవా, మా అమ్మగారి ఊరు రాసినవా, ఈత చెట్టు కాడ అని రాసినవా అనుకుంట నెత్తి మీదనే నిలవడ్డది. ఆమె చెప్తనే ఉన్నది, నేను కొడ్తనే ఉన్న."

గుర్తొచ్చింది. ఆ రోజు ప్రోగ్రాము మూయకుండానే డిస్కు తీసేసి, అదే చోట పెన్‌డ్రైవ్ తగిలించి ఎంటర్ నొక్కాను. అంతా సాఫీగా జరిగిందని దండం కూడా పెట్టుకున్నాను.

మర్నాడు దీపం పెట్టి కూర్చున్నాను. అదే వరుసలో మళ్లీ నడిపించాను. ముందు డిస్కు, తర్వాత పెన్‌డ్రైవ్. అవ్వ రాలేదు. చదివిన ప్రతి పేరునూ పక్కన ఉన్న నంబరుతో సహా తెర మీద చూపించమన్నాను. అవ్వ పేరు వచ్చింది, పూర్తిగా వచ్చింది. పక్కన ఇంటి నంబరు ఉండాల్సిన చోట ఏవో పిచ్చి అంకెలు ఉన్నాయి.

తెలుగు అక్షరం కంప్యూటర్లో ఒక్క బైటులో పట్టదు. గుణింతం ఒక గుర్తు, ఒత్తు ఇంకో గుర్తు, ఒక్కో గుర్తుకూ మూడు బైట్లు. అవ్వ చెప్పిన ఇంటి చరిత్ర అంతా కలిపి మూడు వందల బైట్లు దాటింది. డిస్కును అడిగి నేను చేసుకున్న గిన్నె రెండు వందల యాభై ఐదుకు. పెన్‌డ్రైవ్‌లో పేరు అంతకంటే చాలా పొడుగు ఉండవచ్చు. దాన్ని నేను అడగనే లేదు. మిగిలిన తోక పక్కనే ఉన్న ఇంటి నంబరు మీద పడి దాన్ని చెరిపేసింది. నంబరు సరిగా లేని వరుస ఏదో పనికిరాని ఫైలు అయి ఉంటుందని తీసి పారేయమని రాసింది కూడా నేనే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఇంటర్నెట్ సెంటర్లో దించుకొచ్చుకున్న కాగితాల్లో ఎవరో దేశంగాని దేశం మనిషి ముందే రాసి పెట్టాడు. చోటు పేరు చెప్పి కొలత అడిగి గిన్నె చేయకు. నువ్వు అడిగిన క్షణానికీ తెరిచిన క్షణానికీ మధ్య ఆ చోట వెనక ఉన్నది మారిపోవచ్చు. ముందు తెరువు, తెరిచినదాన్నే అడుగు, అది జవాబు చెప్పకపోతే నీ అంతట నువ్వు ఊహించుకోకు అని. డిక్షనరీ పెట్టుకొని ఆ ముక్క చదివాను. నా ఒక్క గదిలో, నేనొక్కదాన్నే ఉన్న చోట, ఆ మధ్యలో వచ్చి మార్చేది ఎవరులే అనుకొని కాగితం మడిచి పెట్టాను. మార్చింది నా చెయ్యే.

దిద్దడానికి ఒక పూట పట్టింది. ఏది పెట్టినా ముందు తెరవడం, తెరిచినదాన్నే కొలత అడగడం, ఆ కొలతకు మళ్లీ కొత్త గిన్నె. జవాబు రాకపోతే పని ఆపి నాకు చెప్పమన్నాను. పరీక్షించడానికి పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఫైళ్లు చేసి, నాకు నోటికి వచ్చిన దేవుడి నామాలే వాటికి పేర్లుగా పెట్టాను. ఒకదాని వెంట ఒకటి చేర్చుకుంటూ, ఇక చాలు పట్టదని సిస్టమే అనేదాకా పొడిగించాను. అన్నీ చెక్కుచెదరకుండా వచ్చాయి. తర్వాత అవ్వను నడిపించాను. నంబరుతో సహా వచ్చింది. చాలా రోజులకు నాకు ఏడుపొచ్చింది.

కానీ జాబితా అప్పటికే పంచాయతీ గోడకు అంటించారు. అన్నను పిలిపించి, తప్పెట్లా జరిగిందో కాగితం రాసి గ్రామసభలో ఇస్తానన్నాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"తప్పు నాదని రాస్తవా? పిచ్చి గిట్ల లేసిందా చెల్లె నీకు? నడిమిట్ల కరెంట్ పోయింది, గందుకే రాలేదని రాయి. ఎవ్వనికీ నష్టం లేదు."

"కరెంట్ పోయిందంటె ఏం చేస్తరన్నా?"

"మళ్ల ఫొటో తియ్యుమంటరు."

"గప్పుడు కొత్త తారీఖు పడుతది గదా."

సర్వే అయిపోయాక ప్లాటు కోసం రాత్రికి రాత్రి రేకులు వేసినవాళ్లు ఉన్నారు. అందుకని సర్వే తారీఖు దాటిన ఫొటోలన్నిటినీ ఆఫీసు పక్కన పెడుతోంది. అవ్వ ఇల్లు కొత్త తారీఖుతో పోతే అదీ ఆ రేకుల కుప్పలోనే కలుస్తుంది. పాత ఫొటో మొదటి నుంచీ ఉందని, దాన్ని దాటేసింది నా ప్రోగ్రామేనని చెబితేనే ఆమె పాత వరుసలో నిలబడుతుంది.

"నీకు మళ్ల పని ఇయ్యరు," అన్నాడు అన్న, గొంతు తగ్గించి.

"తెలుసన్నా."

"తెలిస్తె రాయి మరి," అని లేచాడు. వాకిట్లోకి వెళ్లినవాడు మళ్లీ తిరిగొచ్చి, "సోమవారం స్కూటర్ తెస్త. బస్సుల దుమ్ముకు నువ్వు ఆగవు," అన్నాడు. ఆ మాటకు ఆయన రుణం నేనెప్పటికీ తీర్చుకోలేను.

ముఖానికి తడిగుడ్డ కట్టుకొని వెళ్లాను. బడి ముందు షామియానా వేశారు. ఊరికి అవతల మట్టిదిబ్బలు కొండల్లా లేచి ఉన్నాయి. మగవాళ్లంతా గోడ మీది జాబితా దగ్గర గుంపుగా ఉంటే, అవ్వ ఒక్కతే వేపచెట్టు మొదట్లో కూర్చొని ఉంది. ఆమె తరఫున జాబితా చదివే కొడుకు లేడు కదా. పక్కింటివాళ్లు చూసి చెప్పేదాకా తన ఇల్లు లేదని ఆమెకు తెలియలేదట. అటుగా పోతున్న ఒకాయన ఆగి, "ఏమే అవ్వ, నీ ఇంటిని దయ్యమెత్తుకపోయిందా?" అన్నాడు.

"నిన్నెత్తుకపోవుటానికి వస్తె నువ్వు బరువున్నవని నా ఇల్లెత్తుకపోయిందిరా," అంది అవ్వ.

అందరూ నవ్వారు. అన్న నన్ను ఆమె ముందు నిలబెట్టి, "అవ్వా, కంప్యూటర్ పని చేసిన బిడ్డ ఈమెనే," అన్నాడు. అవ్వ నన్ను పై నుంచి కిందికి చూసింది.

"నువ్వేనా నన్ను మింగింది?"

"అవును అవ్వా. నేనే."

"మరి కక్కు."

కాళ్లకు దండం పెట్టబోతే చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆఫీసు సారు నా కాగితం రెండుసార్లు చదివాడు. "కంప్యూటర్ తప్పు చేయదు కదమ్మా," అన్నాడు.

"చెయ్యదు సార్. నేను చెప్పినట్టే చేసింది. నేనే తప్పు చెప్పిన."

"ఇట్లా రాసిచ్చిన మనిషిని నేనింతవరకు చూడలే. తర్వాత ఇంకెన్ని ఇండ్లు పోయినయని నన్నడిగితే?"

ఆ ప్రశ్న నేను ఎదురుచూసిందే. దిద్దిన ప్రోగ్రాముతో డిస్కులన్నీ, పెన్‌డ్రైవ్‌తో సహా, మళ్లీ నడిపించి, పాత జాబితాతో ఒక్కో ఇల్లు పోల్చి చూశాను. తేడా ఒక్క ఇల్లే. ఆ కాగితం కూడా ఇచ్చాను. ఫొటో తీసిన తారీఖు కెమెరా వేసింది ఉంది, సర్వే రోజుల్లోదే. సారు కాంట్రాక్టరు మనిషిని పిలిచి ఏదో మాట్లాడాడు. ఆ మనిషి నా వైపు చూడలేదు. చివరికి సారు జాబితా అడుగున చేత్తో ఒక వరుస రాసి, సంతకం చేసి, ముద్ర వేశాడు. నా చేతా సంతకం పెట్టించాడు. అవ్వ వేలిముద్ర వేసింది. వేసి, ఆ వేలు నా కొంగుకే తుడుచుకుంది.

ఆ కాంట్రాక్టరు నాకు మళ్లీ పని పంపలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు. కొన్నాళ్లు అప్పడాలు వత్తాను, పిల్లలకు లెక్కలు చెప్పాను. దేవుడు గడిపించాడు.

అవ్వకు ప్లాటు వచ్చింది. కాలనీలో రేకుల ఇల్లు వేసుకుంది. మోకాళ్లకు మందు కోసం గోదావరిఖని దవాఖానకు వచ్చినప్పుడల్లా, బస్సు టైమయ్యేదాకా నా గదిలో కూర్చునేది. చాయ్ పోస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకొని ఊదుకుంటూ తాగేది. పెద్దగా ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాదు. కొత్త ఇల్లు ఎట్లా ఉందని ఒకసారి అడిగాను.

"మంచిగనే ఉన్నది బిడ్డా. పక్కోళ్లెవ్వలో నాకు ఎరుక లేదు. పాత ఊర్ల గోడవతల దగ్గినా ఎవ్వరు దగ్గిన్రో తెలుస్తుండె. ఇక్కడ అందరి దగ్గు ఒక్కతీరుగనే ఉన్నది."

జాబితాలోకి ఆమె ఇంటిని తేగలిగాను. ఆ దగ్గులను తేవడం నా వల్ల అయ్యేది కాదు.

"నీకెవ్వలున్నరు బిడ్డా?" అని అడిగింది ఇంకోసారి.

"దేవుడున్నడవ్వా."

"ఆయన అందరికుంటడు. చాయ్ తాగుటానికి నేను వస్త తీ," అంది.

అట్లా రెండేళ్లకు పైగా వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం వచ్చే ముందటి చలికాలంలో రావడం మానేసింది. మోకాళ్లు కదలడం లేదేమో అనుకున్నాను. నా ఆయాసం తగ్గాక నేనే కాలనీకి వెళ్లాను. తలుపుకు తాళం ఉంది. ఎదురింటామె బియ్యం చెరుగుతూ, "గా అవ్వ పోయి నెలయితున్నది. నీకు ఏమైతది?" అని అడిగింది. "యాది చేసుకునే మనిషిని," అన్నాను. తలకొరివి ఎవరు పెట్టారని అడిగితే, కాలనీవాళ్లు తలా ఇంత వేసుకొని కానిచ్చారని చెప్పింది. పెత్రమాసకు, అంటే పితృ అమావాస్యకు, ఆమె పేరు మీద బియ్యం ఇచ్చేవాళ్లు ఎవరూ లేరని కూడా ఆమే అంది.

ఇప్పుడు ఆ ఊరు లేదు. ఆ చోట గని లోతుగా ఉంది. నేను మళ్లీ ప్రోగ్రాములు రాస్తున్నాను. ముందు తెరిచి తర్వాతే కొలత అడుగుతున్నాను. ఆ సంగతి రాసి పెట్టిన దేశంగాని దేశం మనిషికీ, నాకంటే ఒక పేజీ ముందు చదివిన నాన్నకూ, స్కూటర్ తెచ్చిన అన్నకూ రోజూ దీపం ముందు దండం పెట్టుకుంటాను. వాళ్లకు తలుచుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అవ్వకు నేనొక్కదాన్నే, నాకూ ఒంట్లో బాగుండదు. పెత్రమాస నాడు మీ పెద్దల పేర్లు చెప్పి బియ్యం ఇచ్చేటప్పుడు, అందరి పేర్లూ అయ్యాక ఒక్క క్షణం ఆగండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. తనను మింగినదాన్ని తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకున్న ఒక అవ్వను తలుచుకోండి.